తొక్కితే తోసే రకం

సైకిల్ బిగించడం పూర్తయ్యేసరికి ఒక వైరు మిగిలింది.

"ఇదేంట్రా?" అంది అక్క.

"స్పేర్ అయ్యుంటుందిలే అక్కా," అన్నాడు తమ్ముడు.

దాన్ని చక్కగా చుట్టి, టేపు వేసి ఫ్రేముకు అతికించాడు. పుస్తకం చదివి పని చేయడం వాడి ఇంటా వంటా లేదు.

ఎలక్ట్రిక్ సైకిళ్లలో రెండు రకాలని చెప్పిందీ వాడే. పిడి తిప్పితే పరిగెత్తేది ఒకటి, తొక్కితే తోసేది ఇంకొకటి. ఇది రెండోది.

"మామూలు దారిలో నీకేమీ తెలియదు. ఎత్తు వచ్చినప్పుడు చూడు దీని మహిమ!"

ఆమె ప్రసూతి ఆసుపత్రిలో ఆయా. ఉదయం ఆరింటికల్లా పసిపిల్లల వార్డులో ఉండాలి. ఇంటికీ ఆసుపత్రికీ మధ్య ఒక నది, దాని మీద ఎత్తైన వంతెన. మోకాళ్లు మొరాయించి ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి అయితే దుప్పట్ల గదికి మార్చేస్తానని హెడ్ నర్సు ఖరాఖండిగా చెప్పేసింది.

పిల్లల్ని ఎత్తుకోనిదే ఆమెకు పొద్దు గడవదు.

మొదటి రోజే వంతెన ఎత్తులో సైకిల్ ఆగిపోయింది. చుట్టూ పొగమంచు. కాలు కింద పెట్టి నిలబడింది. ఏడుపొక్కటే తక్కువ.

మళ్లీ ఎక్కి తొక్కింది. రెండు గజాలు పోయి సైకిల్ ఊగిసలాడింది. అంతలో సన్నగా ఝుమ్మని చప్పుడు. సైకిల్ మెత్తగా ముందుకు కదిలింది.

"అబ్బ! పట్టుకుంది!" అని చిన్నపిల్లలా కేక పెట్టింది.

ఆనాటి నుంచి ఆ ఎత్తు ఆమెకు రోజూ వచ్చే కల అయిపోయింది. కింద నది కనబడదు, పైన ఆకాశం కనబడదు. దీపాలు మంచులో కరిగిపోయి ఉంటాయి. కాళ్లు ఊరికే తిరుగుతుంటాయి. ఆ ఝుంకారంలో తాను తేలిపోతూ ఉంటుంది. ఇంత సుఖం నాకు రాసిపెట్టి ఉందా అనుకునేది.

"చార్జింగ్ అసలు తగ్గడం లేదురా!" అని తమ్ముడి దగ్గర మురిసిపోయింది.

"ఎవరు బిగించారనుకున్నావ్?" అన్నాడు వాడు కాలరు ఎగరేస్తూ.

ఆమె సుఖానికి ఒక్కటే అడ్డు. ఒక ముసలాయన.

బూడిదరంగు కోటు, పిడి తిప్పితే పరిగెత్తే సైకిల్. వంతెన నడినెత్తికి చేరేసరికి సరిగ్గా ఆమె వెనకనుంచే ఊడిపడతాడు. తల ఒకసారి ఊపి, ముందుకు వెళ్లి మంచులో కలిసిపోతాడు. రోజూ ఇదే వరస. రోజూ ఆమె గుండె గుభేలుమంటుంది. ముందే చూసుకుందామంటే, వెనక్కి తల తిప్పితే హ్యాండిల్ కూడా తిరిగిపోయే అలవాటు ఆమెది.

నాలుగో నెలలో ఆమె, వంతెన మీద సైకిళ్లకిచ్చే పాసుతో పాటు వచ్చిన నిబంధనల పుస్తకం తెరిచింది. హెల్మెట్ పెట్టుకోవాలి. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉండాలి. ముందు బండికి మూడు సైకిళ్ల దూరం పాటించాలి. తప్పితే వంతెన పాసు పోతుంది.

"మూడు సైకిళ్ల దూరమట! ఆయన నా నెత్తిమీదికే వస్తున్నాడు," అని వంతెన గార్డుకు ఫిర్యాదు చేసింది.

రెండు రోజులకు గార్డే ఆమెను ఆపాడు.

"మంచులో సరిగ్గా కనబడలేదు గానీ, మీరు చెప్పింది నిజమేనమ్మా. మిమ్మల్ని ఆనుకునే వస్తున్నాడు. పైగా హ్యాండిల్ మీద కుడిచెయ్యి ఒక్కటే ఉంది. పాసు లాగేసుకున్నాను."

"మంచి పని చేశారు. ఏమన్నాడు?"

"రెండో చెయ్యి ఏం చేస్తోందయ్యా అంటే నవ్వి ఊరుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, రేపటి నుంచి ఆవిణ్ణి అరగంట ముందే బయల్దేరమనండి అన్నాడు."

ఆమెకు ఒళ్లు మండింది.

"నాకు టైం చెప్పడానికి ఆయనెవరు?"

మర్నాడు ఎప్పటి వేళకే బయల్దేరింది. వంతెన ఎత్తు వచ్చింది. ఝుంకారం రాలేదు. సైకిల్ నాలుగు గజాలు పోయి ఆగిపోయింది. ఎంత తొక్కినా అంతే. చివరికి దిగి, మోకాళ్లు పట్టేస్తున్నా సైకిల్ నెట్టుకుంటూ వెళ్లింది.

ఆరూ ఇరవై అయిదు.

హెడ్ నర్సు దుప్పట్ల గది తాళంచెవి చేతిలో పెట్టింది. వార్డులో ఎవరో పసివాడు గుక్కపట్టి ఏడుస్తుంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

డ్యూటీ దిగగానే సైకిల్‌ను మెకానిక్ దగ్గరికి నడిపించుకెళ్లింది. అతను అంతా తడిమి చూసి, ఫ్రేముకున్న టేపు ఊడదీశాడు.

"ఇది ఎవరు కట్టారమ్మా? మీరు తొక్కుతున్నారని మోటారుకు కబురు చెప్పే వైరు ఇదే. అసలు తగిలించనే లేదు. ఈ మోటారు ఇంతవరకూ ఒక్క చుట్టు కూడా తిరగలేదు."

"భలేవాడివయ్యా! నాలుగు నెలలుగా నన్ను వంతెన ఎక్కిస్తోంది. ఝుమ్మని చప్పుడు కూడా వస్తుంది."

"ఈ రకానికి చప్పుడే రాదమ్మా. ఝుమ్మనేది పిడి తిప్పే రకం."

అరగంట ముందే బయల్దేరమన్న మాట చెవిలో మళ్లీ వినబడింది. ఆయన పేరేమిటో తనకు తెలియదు, గార్డూ అడిగినట్టు లేడు. పాసు లేని మనిషి ఇప్పుడు ఏ దారిన పోతున్నాడో ఏమో.

మెల్లగా సైకిల్ వెనకవైపుకు నడిచింది.

సీటు వెనక బిగించిన, నాలుగు నెలల దుమ్ము పట్టిన టిఫిన్ పెట్టె మీద, అయిదు వేళ్లతో సహా ఒక పెద్ద ఎడమచెయ్యంత మేర మాత్రం నున్నగా మెరుస్తోంది.