పుంజు కూత

మర్నాడు అమ్మకు గొంతు ఆపరేషన్. ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "ఒక్కసారి మన పుంజు కూత వినిపించవే," అంది బొంగురుగా.

పెరట్లో కోళ్ల గూడు ఖాళీగా ఉంది. తెగులు సోకి తొమ్మిది పెట్టలూ, పుంజూ నాలుగు రోజుల్లోనే పోయాయి. ఆపరేషన్ అయ్యేదాకా అమ్మకు ఆ సంగతి తెలియకూడదనుకున్నాను. ఆపరేషన్‌తో ఆమె మాట పోతుందని డాక్టరు నాకొక్కదానికే చెప్పారు. అదీ చెప్పలేదు.

"ఉండమ్మా, దొరగారు గూడెక్కి కూర్చున్నారు," అంటూ, పాత ఫోన్‌లో ఎప్పుడో తీసిన వీడియో పెట్టి దగ్గరగా పట్టుకున్నాను.

పుంజు రెండుసార్లు కూసింది. నేను ఆపేలోగానే, వీడియోలోంచి అమ్మ గొంతు గలగలా వినిపించింది. "బా బా బా... రండర్రా! ఒసే నల్లదానా, నీకు వేరే బొట్టు పెట్టి చెప్పాలా?"

గబుక్కున వీడియో ఆపేశాను.

"అన్నీ పోయాయా?" అంది అమ్మ.

"ఊఁ," అన్నాను.

"ఆ వీడియో చెరిపెయ్యకే. మళ్లీ కోడిపిల్లల్ని తెచ్చుకున్నాక, వాటిని పిలవడానికి నాకు గొంతుండదుగా."