ఆగదన్న మాట

"మీ ప్రోగ్రాం జవాబివ్వకుండా నడుస్తూనే ఉంటుందని, ఎప్పటికీ ఆగదని, దాన్ని పరీక్షించిన సిమ్యులేటర్ తేల్చేసింది మేష్టారూ. నా చేతుల్లో ఏముంది?" అని ఆమె ఆఫీసులో అందరి ముందూ అనేసింది.

ఆమెకు పని నేర్పింది ఆ పెద్దాయనే. "ఇంకొక్క రోజు నడవనివ్వమ్మా, ఆగుతుంది" అన్నాడాయన. పైవాళ్లు వినలేదు. సాయంత్రానికి ఆయన ఉద్యోగం ఊడింది.

ఆమెకు మనసు మనసులో లేదు. అదే ప్రోగ్రాంను ఇంట్లో కంప్యూటర్ మీద మళ్లీ మొదటినుంచి నడిపించింది. నాలుగో రోజు మధ్యాహ్నం అది సరైన జవాబిచ్చి ఆగిపోయింది.

వెంటనే ఫోన్ చేసింది. "తప్పు నాదే మేష్టారూ. మూడు రోజుల్లో ఆగకపోతే 'ఎప్పటికీ ఆగదు' అని చెప్పెయ్యమని సిమ్యులేటర్‌లో రాసింది నేనే."

"తెలుసమ్మా. నువ్వు రాసిన రోజే చూశాను."

"మరి ఆ రోజు అందరిలో ఎందుకు చెప్పలేదు?"



"నువ్వే చెబుతావేమోనని చూశానమ్మా."