పిల్లి వాటా పాలు

వైశాఖ శుద్ధ దశమి, గురువారం, సరిగ్గా సాయంత్రం ఆరున్నరకి, పిల్లి సుందరి కొట్టంలో నెమరేస్తున్న గేదె నల్లమ్మ ముందుకొచ్చి ముక్కు మూసుకుంది.

“ఏమే నల్లమ్మా, నీ త్రేన్పులకే లోకం వేడెక్కిపోతోందట. మానకపోతే అమ్మగారి చెవిన వేసి నిన్ను సంతకు తోలిస్తాను!”

“గడ్డిలో అవిసె గానుగచెక్క కలిపితే తగ్గుతాయి తల్లీ. కాకపోతే అది ప్రియం. నీ చిప్పలో పాలు సగం వదులుకో, అవి అమ్మి అమ్మగారే తెస్తారు.”

“చోద్యం! త్రేన్చేది నువ్వు, పస్తుండేది నేనా?”

మీసాలకు మీగడ ఆరనే లేదు, ఎంత నీతి! నల్లమ్మ ఇక గడ్డి ముట్టలేదు. త్రేన్పులు ఆగిపోయాయి.

మర్నాడు పొద్దున గేదె పాలు చేపలేదు. ఇంటిల్లిపాదీ వట్టి డికాషన్ తాగారు. నల్లమ్మ నోటికి రుచి తగలాలని గానుగచెక్క నానబెట్టారు. ఆ ఖర్చు కలిసిరావాలని పిల్లి చిప్ప కడిగి బోర్లించారు.