కల్లంలో గుచ్చిన పిన్ను

“ఆగండి. ఆ పిన్ను పీకేసి మళ్ళీ మొదట్నుంచి గుచ్చమనండి,” అన్నారు తనిఖీకి వచ్చిన జానకిరామయ్యగారు.

పిన్ను గుచ్చింది టీవీ తెర మీది మ్యాపులోనే అయినా, దిగింది మాత్రం బిందుమాధవి టీచరు గుండెలో. ఎనిమిదో తరగతికి పాఠం మానేసి ఇంటర్నెట్లో ఉచితంగా దొరికే మ్యాపులు చూపిస్తోందని ఎవరో పైకి మోసేసి ఉంటారు. ఈ మ్యాపులే తన ఉద్యోగాన్ని మాపేలా ఉన్నాయి! అసలు తనకేం వచ్చని? మొదటిరోజు మాచర్ల అని కొడితే మలేషియా వచ్చింది. పిల్లలే జాలిపడి నేర్పారు.

తెర ముందు నిలబడ్డ అమూల్య మళ్ళీ మొదలుపెట్టి, మ్యాపులో తమ ఊరిని వేళ్ళతో పెద్దది చేసింది.

“ఆ ఎర్ర మచ్చ ఏంటమ్మా?”

“మచ్చ కాదు సార్, మా మిరప కల్లం. కాయలు ఎండబోశాం.”

“ఏమే, అది మీదేంటి? మాది!” యలమంద లేచాడు. “మీది కాలవ పక్కది.”

“ఎవరిదైతే ఏంలేరా,” అన్నారాయన. “బడి నుంచి అక్కడికి దూరం కొలువమ్మా.”

అమూల్య టకటకా కొలిచింది. “ఎనిమిదొందల మీటర్లు సార్.”

“మళ్ళీ కొలువు. ముందు ఎక్కడ నొక్కావు? వేలు ఎంతసేపు ఉంచావు? నెమ్మదిగా చెప్పు.”

ఆమె చెప్పిన ప్రతి ముక్కా ఎర్ర అట్ట పుస్తకంలోకి ఎక్కుతోంది. నొక్కే గుర్తులకు బొమ్మలు కూడా వేసుకుంటున్నారాయన. సాక్ష్యాలు కాబోలు! ఇరవయ్యేళ్ళుగా అక్షాంశాలు, రేఖాంశాలు చెబుతున్న బిందుమాధవికి తన తలరాతలోనే ఓ రేఖ వంకరపోయిందని అర్థమైంది.

“సార్, రేపు సత్తెనపల్లిలో మా టీచర్లందరికీ ఈ మ్యాపుల మీదే ట్రైనింగ్ ఉందండి,” అంది. “ఎవరో పెద్ద నిపుణులట. నా తప్పులన్నీ వారి దగ్గర దిద్దుకుంటానండి.”

ఆయనకు పొలమారింది. నీళ్ళు తాగి, “రేపటి సంగతి రేపు. ఉపగ్రహం తీసిన ఈ ఫోటో పాతదో కొత్తదో ఎలా తెలుస్తుంది?” అన్నారు.

“మా కొత్త రేకుల షెడ్డు ఇందులో లేదు సార్,” అన్నాడు యలమంద. “అంటే పాతదే!”

అదీ రాసుకున్నారు. గంట కొట్టినా కదల్లేదు. చివరికి పుస్తకం మూశారు.

“మెమో ఇస్తారా అండీ?”

“మెమో దేనికమ్మా? బ్రహ్మాండంగా ఉంది. సాయంత్రం ఫోన్ చేస్తే మాత్రం తప్పకుండా ఎత్తండి.”

సాయంత్రం మూడుసార్లు చేశారు. మూడుసార్లూ పిన్ను గురించే గుచ్చిగుచ్చి అడిగారు. తనిఖీ ఫోన్లో కూడా వదలదన్నమాట!

మర్నాడు సత్తెనపల్లి హాల్లో బిందుమాధవి ఆఖరి వరసలో, స్తంభం చాటున కూర్చుంది. నిపుణుడు వచ్చారని అందరూ చప్పట్లు కొడుతుంటే, తలదించుకునే తనూ కొట్టింది.

“ముందుగా మనం ఒక ఎర్ర మచ్చను వెతుకుదాం,” అంది మైకు.

బిందుమాధవి తలెత్తింది.

వేదిక మీద జానకిరామయ్యగారు ఎర్ర అట్ట పుస్తకంలో రెండో పేజీ తిప్పుతున్నారు.