గోళ్ల కింద నలుపు

మా అమ్మాయి సాహిత్య ప్రతి శనివారం లైబ్రరీకని పొద్దున వెళ్లి సాయంత్రం ఐర్లండ్‌లో, డబ్లిన్ పక్కన లూకన్‌లో ఉన్న మా ఇంటికొచ్చేది. వచ్చేసరికి గోళ్ల కింద నలుపు! పుస్తకాలు పట్టుకుంటే గోళ్లు నల్లబడతాయా? నాకు అనుమానమే.

ఇండస్ట్రియల్ ప్రొడక్షన్ రెండేళ్ల కోర్సులో చేరతానంటే, కాలేజీ నేను చూశాకే అన్నాను. ముప్ఫై ఏళ్లు ఇనుము చెక్కే లేతు మిషను మీద పనిచేసినవాణ్ణి, రంగుల బ్రోచర్లు నమ్ముతానా! మొదటి రెండు కాలేజీల్లో మిషన్ల కింద చిటికెడు ఇనప పొట్టు లేదు.

"పొట్టు రాలకుండా పనెలా వస్తుందమ్మా?"

"ఇవాళ ఓపెన్ డే, అందరూ చూడ్డానికొస్తారని తుడిచుంటారు. పోలీసుల కంటే ఘోరం నాన్నా నువ్వు!"

మూడో కాలేజీ కార్లో అనే ఊళ్లో. ట్రే నిండా పొట్టు! పక్కనే ఉన్న ఇనప కడ్డీ మీద గోరు పెట్టి లాగాను. గరుకు ఎక్కడా తగల్లేదు, వెన్నలా ఉంది.

"ఇది పిల్లల పని కాదు. మనల్ని మెప్పించడానికి పెట్టారు. చేసిందెవరో అడుగు."

అమ్మాయి అడగదే! నేనే మాస్టారికి కడ్డీ చూపించి "హూ?" అన్నాను. ఆయన నవ్వి మా అమ్మాయి వైపు వేలు చూపించాడు. శనివారాలు ఇక్కడే నేర్చుకుంటోందట!

ఆ నల్లటి వేళ్లు కళ్లకద్దుకుని, "నాకెందుకు చెప్పలేదే నా బంగారుతల్లీ?" అన్నాను.

"చెబితే, గోరు పెట్టకుండానే బ్రహ్మాండం అనేస్తావు నాన్నా."