చదునైన గీత

గ్లిజరిన్ దొంగతనానికి జోగారావు ఎంచుకున్న ఆయుధం గణితం. కన్నం వెయ్యాలంటే ఒళ్ళు వంగాలి, తాళం పగలగొట్టాలంటే గుండె ఉండాలి. ఆ రెండూ తన దగ్గర లేవని అతనికి బాగా తెలుసు. ఉన్నదల్లా ఒక్క బి.ఎస్సీ. డిగ్రీ.

ఏలూరులో అబ్బాయిరాజుగారి సబ్బుల ఫ్యాక్టరీకి అతనే కెమిస్టు. తొట్టిలో నూనె, నీళ్ళు పోసి, మందు కలిపి మరిగిస్తే నూనె విరిగి, అడుగున తియ్యటి నీళ్ళు దిగుతాయి. గ్లిజరిన్ ఉండేది ఆ నీళ్ళలోనే. తొట్టి కింద ఊక పొయ్యి తెల్లవార్లూ మండటం అక్కడ మొదట్నుంచీ ఉన్న అలవాటు. ఎంతసేపు మరిగితే ఎంత గ్లిజరిన్ దిగుతుందో చెప్పే సమీకరణం జోగారావు కష్టపడి కట్టాడు. రాజుగారికి చూపించేముందు మాత్రం అందులో ఒక అంకె మార్చాడు.

"ఇదుగోనండీ," అంటూ గోడమీద సుద్దముక్కతో గీత గీశాడు. "మొదట ఇలా జోరుగా పైకి పోతుందండీ. దీపాలు పెట్టేవేళకి చదునైపోతుంది. ఆపైన చుక్క రాదండీ."

"ఆహా! చదువంటే మీదండీ జోగారావుగారూ!" రాజుగారు ఆ గీతకి ఇంచుమించు దణ్ణం పెట్టారు.

దీపాలవేళ దాటాక దిగేదంతా ఇక జోగారావుది. పొద్దున్నే రాజుగారికంటే ముందు వచ్చి ఆ మిగులు తోడుకుపోవాలి. దానితో తాడేపల్లిగూడెంలో సొంతంగా సబ్బుల కొట్టు పెట్టాలి. ఒకరి ముందు చేతులు కట్టుకుని నిలబడే బతుకు అతనికి విసుగెత్తిపోయింది. భార్య పేరు పెట్టి 'రామలక్ష్మి గ్లిజరిన్ సోపు' అని బోర్డు అప్పుడే రాయించేశాడు. రోజూ మధ్యాహ్నం బండికి గూడెం వెళ్ళి, సబ్బు ముక్కైనా లేని ఆ కొట్టు ముందు నిలబడి బోర్డు చదువుకుని మురిసిపోయి, రాత్రి బండికి తిరిగొస్తున్నాడు.

మొదటి పొద్దున కొలిచి చూస్తే, తొట్టిలో ఉన్నది రాజుగారికి చెప్పిన లెక్కకి సరిగ్గా సరిపోయింది. మర్నాడూ అంతే. వారం గడిచినా అంతే. తను ఆడిన అబద్ధం రోజూ అక్షరాలా నిజమవుతోంది.

అంటే, తనకంటే ముందే ఎవడో తోడేస్తున్నాడన్నమాట! జోగారావుకి ఒళ్ళు మండిపోయింది. లోకంలో నీతి లేకుండా పోయిందనుకున్నాడు. ఆ మాట అనుకోవడానికి తను తగినవాణ్ణేనా అని మరుక్షణమే నవ్వూ వచ్చింది.

పొయ్యి చూసేది వీరాస్వామి. కొల్లేటి ఒడ్డునుంచి వచ్చినవాడు. జోగారావు వచ్చేసరికి పొయ్యిలో బూడిద ఎత్తుతూ కనిపిస్తాడు. రాత్రంతా మేలుకున్నవాడి మొహం అంత కళకళలాడుతుందా? దొంగసొమ్ము దొరికితేనే అంత కళ అని జోగారావు తేల్చేశాడు. పైగా పొయ్యి గట్టుమీద రోజూ గుడ్డ కట్టిన ఒక కుండ.

ఆ పూట వీరాస్వామి అటు వెళ్ళగానే గుడ్డ విప్పి, వేలు ముంచి, గ్లిజరిన్ తీపి తగులుతుందేమోనని నాలిక్కి రాసుకున్నాడు.

కొర్రమీను పులుసు!

పుట్టి బుద్ధెరిగాక కోడిగుడ్డైనా ముట్టని జోగారావు పంపు దగ్గరికి పరిగెత్తాడు. పుక్కిలించిన కొద్దీ కారం పెరిగింది. ఆ మంటలోనే తెగించి, వీరాస్వామిని రాజుగారి ముందు నిలబెట్టాడు.

"వీడు గ్లిజరిన్ దొంగిలిస్తున్నాడండీ!"

"నేనేం తీశానండీ బాబూ!" అన్నాడు వీరాస్వామి.

"లెక్కకి ఏవన్నా తగ్గిందాండీ?" అన్నారు రాజుగారు.

"లేదండీ. సరిగ్గానే ఉంది."

"మరి దొంగతనం ఏవిటండీ?"

జోగారావు దగ్గర సమాధానం ఉంది. చెబితే ఉద్యోగం ఉండదు. ఇంత చదువూ చదివి, నోరు మూసుకోవడానికి పనికొచ్చే సమీకరణం కట్టుకున్నానే అని లోలోపల తిట్టుకున్నాడు. చివరికి నసిగాడు.

"రాత్రంతా తొట్టి దగ్గర వీడొక్కడే ఉంటాడు కదండీ..."

"రాత్రా?" రాజుగారు నవ్వేశారు. "వీడు దీపాలు పెట్టగానే ఇంటికి పోయి హాయిగా నిద్రపోతున్నాడండీ. ఆపైన చుక్క రాదని మీరే గీత గీసి చూపించాక ఇంకా ఊక దండగెందుకండీ, ఆ రోజునుంచీ చీకటి పడగానే పొయ్యి ఆర్పించేస్తున్నాను!"