చివరి వంతు

చిన్న కుంటలో ఒక తాబేలు పెద్దరికం చేసేది. గట్టు తెగితే మట్టి మోసేది, చేపల తగాదాలు తీర్చేది. దాని ఓపిక చూసి కుంటవాళ్ళంతా కలిసి దాన్ని పెద్ద చెరువు సభకు పంపారు.

"మామా, ఎండలు ముదిరేలోపు మనకు నీళ్ళు తీసుకురా" అన్నాయి చేపలు.

సభలో తాబేలు మాటకు రోజురోజుకూ విలువ పెరిగింది. ఏ కుంటకు ముందు నీళ్ళు వదలాలో తేల్చే పని దానికే అప్పగించారు. సొంతవాళ్ళకు దోచిపెట్టిందని అంటారేమోనని భయపడి, అది తమ కుంటను అన్నిటికన్నా చివర పెట్టింది. ఎంత ధర్మబుద్ధి అని సభంతా మెచ్చుకుంది.

ఆఖరికి వాళ్ళ వంతు వచ్చింది. తాబేలు సంబరంగా నీళ్ళ వెంటే కాలువలో ఇంటికి చేరింది. కుంట నెర్రెలిచ్చి ఉంది. ఒక్క చేప కూడా లేదు. ముసలి ఎండ్రకాయ ఒకటి బొరియలోంచి మెల్లగా బయటికి వచ్చింది.

"మనవాళ్ళంతా ఏరీ?" అంది తాబేలు.

"చివరిదాకా నీ కోసమే చూశారు మామా. పక్క కుంటల్లోకి నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించినప్పుడల్లా, 'మన మామే వదిలిస్తున్నాడు' అని మురిసిపోయారు."